లారీ దేన్ని చూసి వణికింది?

"బావా, నా అనుభవంల నేరగాళ్లు రెండే రకాలు. నాకు దొరికినోళ్లు, నాకు ఇంక దొరకనోళ్లు."

ఈ ప్రకటన చేసింది మా బామ్మర్ది రాయమల్లు. నా లారీ బంపరు మీద ఒక కాలు పెట్టి, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, దూరంగా ఉన్న మా ప్రహరీగోడ వైపు చూస్తూ చెప్పాడు.

"అందరు నీ లారీ వణుకుతున్నది అంటున్నరు. తప్పు. అది వణుకుత లేదు. భయపడుతున్నది. దేన్నో చూసింది. ఆ చూసింది ఏందో కనిపెట్టెటోడు గీ జమ్మికుంటల ఒక్కడే ఉన్నడు."

"ఎవరు?" అని అడిగాను.

ఆ ప్రశ్నకు రాయమల్లు నొచ్చుకున్నాడు. బంపరు మీద కాలు జారి మోకాలు కూడా నొచ్చుకుంది.

నాది పత్తి వ్యాపారం. పత్తి పైకి తెల్లగా ఉందని ఎవరూ ధర కట్టరు. చెయ్యి లోపలికి పెట్టి తేమ చూస్తారు, చెత్త చూస్తారు, తరుగు తీసి అప్పుడు మాట్లాడతారు. మనుషుల విషయంలోనూ నేను అదే చేస్తాను. రాయమల్లు మాటల్లో తేమ చాలా ఎక్కువ. తరుగు తీయకుండా కొన్నవాడు మునిగిపోతాడు.

వాడు షార్జాలో ఒక గోదాములో కెమెరాల గదిలో కూర్చుని, ఖాళీ నడవాల బొమ్మలు చూస్తూ కొన్నేళ్లు ఉద్యోగం చేశాడు. ఆ గోదాములో ఒక్క దొంగతనం కూడా జరగలేదు. అది దొంగలకు తనంటే ఉన్న భయం వల్లేనని వాడి నమ్మకం. తిరిగి వచ్చాక మా దుకాణం పైగదికి 'అంతర్జాతీయ పరిశోధన సంస్థ' అని బోర్డు కట్టాడు. ఖాళీ చేయమందామని నేను నోరు తెరిస్తే నా భార్య ప్రవళిక, "మా తమ్ముని తెలివి మీ పత్తి కండ్లకు ఆనది" అంటుంది. అక్కడితో ఆ బేరం ముగుస్తుంది.

వాడు చేపట్టిన మొదటి కేసు మా డ్రైవరు కొమురెల్లి భార్య కొమురవ్వది. ఆమె కోడి కనబడలేదు. రాయమల్లు అది అపహరణ అని తేల్చి, ఆమె దగ్గరున్న రెండో కోడిని 'ప్రత్యక్ష సాక్షి'గా తన కస్టడీలోకి తీసుకున్నాడు. మొదటి కోడి సాయంత్రానికి తనంతట తనే ఇంటికి వచ్చింది. రెండోది ఇప్పటికీ రాలేదు. ఆ రోజు నుంచి కొమురవ్వ ఉన్న వాడకట్టులో రాయమల్లు నడవడు.

ఇక లారీ సంగతి.

దసరా పూజ అయిన మర్నాటి నుంచి లారీకి ఈ రోగం పట్టుకుంది. లోడుతో పోయినా, ఖాళీగా పోయినా, వేగం అరవై దగ్గరికి రాగానే కింద నుంచి ఒక వణుకు పుడుతుంది. సీటు, స్టీరింగు, అద్దాలు, అద్దం పైనున్న దేవుడి ఫొటో, అన్నింటికీ ఒకేసారి చలిజ్వరం వచ్చినట్టు ఉంటుంది. కరీంనగర్‌లో ఒక మెకానిక్‌కు చూపించాం. చక్రాలు విప్పి చూశాడు, టైర్లు అటుదిటు మార్చాడు, ఇంజన్ కింద రబ్బర్లు కొత్తవి వేశాడు. బజారులో ఒక చుట్టు తిప్పి తెచ్చి, "లారీ పువ్వు లెక్క ఉన్నది సేటూ" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "డ్రైవరే ముసలోడైండు. చేతులు ఒకసారి చూసుకోండ్రి" అన్నాడు.

సరే, అరుణ్‌కుమార్ అనే కుర్ర డ్రైవరుకు ఇచ్చి పంపాను. వాడు లక్సెట్టిపేట దాకా పాటలు పెట్టుకుని పోయి, పాటలు పెట్టుకుని వచ్చి, "నాకేం తెల్వలే సేటూ" అన్నాడు.

మార్కెట్ యార్డులో ఇద్దరు ఒకటే రేటు చెప్పి మూడోవాడు వేరే చెబితే, ఆ మూడోవాడిదే తప్పనుకుంటాం. ఇక్కడ ఆ మూడోవాడు కొమురెల్లి. మా బాపు కాలం నుంచి మా లారీలు నడుపుతున్న మనిషి. ఒక మేకపిల్లకు కూడా గీత పడనివ్వలేదు. కానీ లోడు నిండా బేళ్లు, వణికే చేతులు, మంచిర్యాల దాకా రోడ్డు. ఈ మూడూ కలిపి చూస్తే నాకు భయం వేసింది.

"కొమురెల్లన్నా, దీపావళి ఎల్లంగనే సీజన్ల మొదటి పత్తి లోడు పోవాలె. పూజ నాటికి వణుకు ఏడిదో తేలకపోతే నువ్వు దుకాణంల కాంటా కాడ కూసో. బండి అరుణ్‌కుమార్ పట్టుకుంటడు," అన్నాను.

కొమురెల్లి చాలాసేపు తన చెప్పుల వైపు చూశాడు.

"కాంటా కాడ కూసుంటె నా కాళ్లు ఏం జెయ్యాలె సేటూ?" అన్నాడు. క్లచ్చూ బ్రేకూ లేని జీవితం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. ఆయన వెళ్లి లారీ కడగడం మొదలుపెట్టాడు. అప్పటికే కడిగిన లారీ అది.

సరిగ్గా అప్పుడే ప్రవళిక సిఫారసు మీద రాయమల్లు రంగంలోకి దిగాడు.

వాడి సరంజామా చూడాలి. మెడలో భూతద్దం. నడుముకు షార్జా టార్చి. వేలికి తిప్పుకునే తాళాల గుత్తి. ఆ గుత్తికి బొటనవేలంత చదునైన ఇనుప ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. అదేమిటని ఎవరు అడుగుతారా అని వాడు ఎదురుచూస్తుంటాడు గనుక నేను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు పొరపాటున అటు చూశాను.

"చూస్తున్నవా బావా? రహస్య యంత్రం. ఒక బండి కింద శత్రువులు దాసిపెట్టిండ్రు. నా కండ్లల్ల పడ్డది. పీకిన."

"ఎవరి బండి?"

"చెప్పరాదు. బండి ఓనరుకే చెప్పలే."

నేను తరుగు తీసి ఊరుకున్నాను. వాడు విచారణ ప్రారంభించాడు.

"కొమురెల్లీ! గీ లారీకి శత్రువులు ఎవరన్న ఉన్నరా?"

"గుంతలున్నయి సారూ."

"వాళ్ల పేర్లు?"

"గుంతలకు పేర్లుంటయా?"

"రాసుకుంట బావా, మారుపేర్లతోని తిరుగుతున్నరు. సరే, లారీ ఆఖరుసారి వణికినప్పుడు దాని ఎంబడి ఎవరున్నరు?"

"నేనే."

"అంతకుముందు?"

"అప్పుడు గూడ నేనే."

"ఆహా!" అన్నాడు రాయమల్లు. అంతటితో లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, సైలెన్సర్ వాసన చూసి, ముక్కుకు మసి అంటించుకుని, "ప్రయోగం జెయ్యాలె. ఒక గ్లాసు టీ తెప్పియ్యి" అన్నాడు.

టీ వాడు తాగడానికి కాదు. కరీంనగర్ దాటి లక్సెట్టిపేట రోడ్డు ఎక్కాక ఒక హోటల్ దగ్గర గ్లాసు నింపించి, లారీ ముందు అద్దం కింద పలక మీద పెట్టాడు. స్టీరింగు ముందు కొమురెల్లి, మధ్యలో నేను, కిటికీ పక్కన తెల్ల ప్యాంటుతో రాయమల్లు.

"టీ అబద్ధం ఆడది బావా. మనిషి ఆడుతడు, బండి ఆడుతది, టీ ఆడది. కొమురెల్లీ, పోనియ్!"

నలభై. టీ నిలకడగా ఉంది. యాభై. అంచు దగ్గర చిన్న అల. అరవై మీదికి ముల్లు వచ్చిందో లేదో కింద నుంచి ఆ వణుకు లేచింది. నా పళ్లు తాళం వేశాయి. గ్లాసు పలక మీద నడుచుకుంటూ వెళ్లి, అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, నిజమంతా రాయమల్లు ప్యాంటు మీద చెప్పేసింది.

"ఆపు! ఆపు! నేరం జరిగిన జాగ గిదే!"

లారీ ఆగింది. రాయమల్లు దూకాడు. రోడ్డు పక్కన పత్తి చేను. చేను మధ్యలో తలకు కుండ, ఒంటికి గళ్ల చొక్కా వేసుకుని ఒక దిష్టిబొమ్మ చేతులు చాపి నిలబడి ఉంది.

రాయమల్లు నా భుజం పట్టుకున్నాడు. "గాన్ని చూడు. ముఖం లేదు. కదులుత లేడు. మన లారీనే చూస్తున్నడు. బావా, గీన్నే చూసి భయపడ్డది!"

"అది దిష్టిబొమ్మరా."

"అట్ల అనుకోవాల్ననే గా వేషం."

నేను ఆపేలోగా చేలోకి పోయి, బొమ్మ జేబులు వెతికి, చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. పత్తి చెట్ల మధ్య నుంచి ఒక ఆడమనిషి లేచి నిలబడింది.

"ఏయ్! మా ఆయన అంగి ఎందుకు ఇప్పుతున్నవ్?"

"ఈయన మీ ఆయనా?" అన్నాడు రాయమల్లు, ఒక అడుగు వెనక్కి వేసి.

ఆమె ఒడిలోని పత్తి కింద పెట్టి కొంగు బిగించింది. మా పరిశోధకుడు చేను దాటిన వేగం అరవైకి పైనే ఉంటుంది. వాడికి మాత్రం ఏ వణుకూ రాలేదు.

మళ్లీ బయల్దేరాం. దిష్టిబొమ్మ లేని చోట కూడా, అరవై రాగానే, అదే వణుకు వచ్చింది. సిద్ధాంతం కూలిపోయినవాడు కాసేపు మౌనంగా ఉంటాడనుకున్నాను. వాడు కళ్లద్దాలు తుడిచి కొమురెల్లి చేతుల వైపు చూడటం మొదలుపెట్టాడు.

ముందున్న హోటల్ దగ్గర దిగాం. "టీ తాగుదాం. ముందు కొమురెల్లికి ఇయ్యి," అన్నాడు రాయమల్లు, ఎప్పుడూ లేని మర్యాదతో. కొమురెల్లి గ్లాసు అందుకున్నాడు. గ్లాసు వణికింది. టీ వేళ్ల మీద ఒలికింది. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ తువ్వాల కింద దాచుకున్నాడు.

"కేసు ఖతం!" రాయమల్లు బల్ల మీద గుద్దాడు. "దొంగ దొరికిండు. వణుకు లారీది కాదు బావా, కొమురెల్లిది. ఇంతసేపు నేరం మన ముంగట్నే స్టీరింగు పట్టుకోని కూసున్నది."

"గంటల తరబడి వణికే స్టీరింగు పట్టుకుంటె చేతులు వణకయా సేటూ?" కొమురెల్లి నావైపే చూస్తూ అన్నాడు. "నా చేతులది తప్పయితే మీ సీటు ఎందుకు వణికింది? దేవుని ఫొటో ఎందుకు వణికింది?"

"సీటుకు గూడ నీ నుంచే అంటుకుంది," అన్నాడు రాయమల్లు.

నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. కానీ బల్ల మీద ఒలికిన టీని నేను కళ్లారా చూశాను. మెకానిక్ చెప్పాడు, అరుణ్‌కుమార్ చెప్పాడు, ఇప్పుడు టీ కూడా చెప్పింది. తిరుగు ప్రయాణంలో కొమురెల్లి యాభై దాటలేదు.

దీపావళి వచ్చింది. ఉదయమే దుకాణంలో పూజ పెట్టుకున్నాం.

మా దుకాణంలో ఇప్పుడు తూకమంతా కరెంటు కాంటా మీదే. అయినా పూజ మాత్రం మా తాత వాడిన ఇత్తడి తక్కెడకు చేస్తాం. దూలానికి వేలాడదీసి, ఒక తట్టలో బెల్లం, బంతిపూలు, ఇంకో తట్టలో పసుపు కుంకుమలు, వాటి మీద లారీ తాళంచెవి పెడతాం. తక్కెడ ముల్లు నిలువుగా వచ్చేదాకా నేను సర్దుతాను. హారతి అయ్యాక కొమురెల్లి తాళంచెవి తీసుకుని కళ్లకద్దుకుని బండి ఎక్కుతాడు. ప్రతి ఏడూ ఇంతే.

ఆ ఏడు కొమురెల్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తాళంచెవి తట్టలో పెట్టి, దానికి దూరంగా వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి తీసుకోనని చెప్పడానికి ఆ దూరం చాలు. కొమురవ్వ బంతిపూల దండతో వచ్చి, బెల్లం తట్టకు ఆ దండ చుడుతూ, నాకు వినబడేలా అంది.

"మా ఆయన చేతులు వణుకుతయట ప్రవళికమ్మా. నిన్న సూదిల దారం ఎక్కిచ్చిండు, నాకు కండ్లు అవుపడక. నా కోడిని మాయం జేసినోనికి మాత్రం కండ్లు మంచిగ అవుపడుతయి."

ప్రవళిక హారతి పళ్లెం సర్దుకోవడంలో మునిగిపోయింది. రాయమల్లు తెల్ల లాల్చీ వేసుకుని, కొమురవ్వకు అందనంత దూరంలో, తక్కెడకు అటువైపు నిలబడ్డాడు. తీరిక దొరికితే వాడి కళ్లు ఊరుకోవు. భూతద్దం తీశాడు. తక్కెడ పైనుంచి కింది దాకా చూశాడు. పసుపు కుంకుమల తట్ట గొలుసుకు పైన తీగతో కట్టి ఉన్న చిన్న ఇనుప ముక్క దగ్గర ఆగాడు.

"బావా," అన్నాడు గుసగుసగా, "ఎవరు కదలకుండ్రి."

ఎవరూ కదలలేదు. వాడే కదిలాడు. ఆ ముక్కను పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తక్కెడ ఒక పక్కకు ఒరిగింది. బెల్లం తట్ట దభీమని కిందికి దిగింది. కుంకుమ తట్ట ఎగిరి, ఉన్నదంతా వాడి నెత్తి మీద కుమ్మరించింది. తాళంచెవి గచ్చు మీద ఠంగున పడింది. ఎర్రగా, పచ్చగా, తడబడుతూ నిలబడ్డ రాయమల్లు చేతిలో ఇనుప ముక్కను పైకెత్తి చూపించాడు.

"దొరికింది!"

"ఏం పీకినవ్‌రా!" అని అరిచాను. "అది పాసంగం! ఆ తట్ట తేలిగ్గుంటదని, రెండు దిక్కులు సమం గావాల్నని మా తాత కట్టిండు. అది పీకితె తక్కెడ ఏడ నిలుస్తది?"

"గట్లనే అనుకోవాల్నని కట్టిండ్రు బావా. ఉండాల్సిన దానికి ఒక ముక్క ఎక్కువ ఉన్నదంటె అది శత్రువుల పనే. నీకు తెల్వది. దసరా నాడు నీ లారీకి గూడ గిట్లనే..." వాడు ఆగాడు. రహస్యం కాపాడాలా, గొప్ప చెప్పుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచించాడు. గొప్పే గెలిచింది. "సరే, పండుగపూట చెప్తున్న. గీ తాళాల గుత్తికున్న యంత్రం నీ లారీదే. పూజకు ముంగట కింద దూరి తనిఖీ జేసిన. నడుమ పొడుగుగ ఒక గొట్టం ఉంటది సూడు, దానికి అంటించిండ్రు. ఉలి పెట్టి కొట్టి తీసిన. శత్రువుకు అనుమానం రావద్దని నల్లరంగు గూడ పూసిన."



నేను ఒరిగిన తక్కెడ వైపు చూశాను. వాడి తాళాల గుత్తి వైపు చూశాను. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్లే గొట్టం అది. బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. ఒక పక్క రవ్వంత తేలికైతే, తిరిగిన ప్రతిసారీ రెండో పక్కకు గుంజుతుంది. అందుకే తయారుచేసినవాళ్లు తూచి, తేలిక పక్కకు ఒక ముక్క అతికించారు. అదీ పాసంగమే! పుట్టినప్పటి నుంచి పాసంగం చూస్తున్న వ్యాపారిని నేను. లారీ కింద ఒక తక్కెడ తిరుగుతోందని నాకు తట్టలేదు.

గోడ దగ్గర కొమురెల్లి లేడు. ఇస్త్రీ చొక్కాతోనే లారీ కింద దూరాడు. గీకుతున్న చప్పుడు వినిపించింది.

"సేటూ!" లారీ కింద నుంచి కేక. "ఉన్నది సేటూ! రంగు కింద ఉలి దెబ్బలున్నయి! ముక్క ఊడిన జాగ మెరుస్తున్నది!"

మా పక్క కొట్టు వెల్డింగ్ మొండయ్య తన మిషనుకు పూజ చేసి అప్పుడే లేస్తున్నాడు. పండుగ రోజైనా మిషనుతో సహా లారీ దగ్గరికి వచ్చాడు. గుత్తి నుంచి ముక్క విడదీసి, ఊడిన మచ్చ మీద పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మొండయ్య అతుకు వేసి, కళ్లకు అడ్డం పెట్టుకున్న నల్లద్దం తీసి అడిగాడు.

"ఏ మొగోడు పీకిండు దీన్ని?"

అందరం రాయమల్లు వైపు చూశాం. వాడి ముఖం కుంకుమకు ఎర్రగా ఉందో, ఇంకెందుకో చెప్పడం కష్టం.

"పరిశోధనల భాగం," అన్నాడు వాడు.

గచ్చు మీద పడిన తాళంచెవిని నేను అప్పటికే జేబులో వేసుకుని తెచ్చాను. అంటిన కుంకుమ తుడవకుండానే కొమురెల్లి చేతిలో పెట్టాను. "కాంటా కాడ కుర్చీ ఖాళీగనే ఉంటది అన్నా," అన్నాను. ఆయన తాళంచెవి కళ్లకద్దుకున్నాడు. ఆ చేయి వణకలేదు.

అదే ముగ్గురం, అదే రోడ్డు. నిండుగా పోసిన టీ గ్లాసు పలక మీద. రాయమల్లు ఈసారి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. నలభై, యాభై, అరవై. టీ మీద కట్టిన మీగడ ముడత పడలేదు. దేవుడు ఫొటోలో ప్రశాంతంగా ఉన్నాడు.

"అరవై మీదనే ఎందుకు వచ్చేది అన్నా? మెకానిక్‌కు రాలే, అరుణ్‌కుమార్‌కు రాలే."

"మెకానిక్ బజార్ల నలభై దాటిండా? అరుణ్‌కుమార్ అరవై కాడ ఒక్క గడియన్న ఆగిండా? ఎనభైకి పోతె ఆ వణుకు మళ్ల తగ్గుతది, ఉన్నది పాటలల్ల కలుస్తది. అరవై దాటితె డీజిల్ బొక్క, అరవై మీదనే ముల్లు నిలుపాలె అని మీరే అంటిరి. ఆ మాట ఇన్నది నేనొక్కన్నే."

నా లెక్కను తుచ తప్పకుండా పాటించిన మనిషినే నేను లెక్కలోంచి తీసేయబోయాను. ఇలాంటి తరుగు ఏ వ్యాపారీ తట్టుకోలేడు. నేను కిటికీలోంచి పత్తి చేల వైపు చూస్తూ కూర్చున్నాను. దిష్టిబొమ్మ గళ్ల చొక్కా బొత్తాలు ఎవరో మళ్లీ పెట్టారు.

పెరట్లోకి లారీ తిరిగి వచ్చి ఆగేసరికి రాయమల్లు పూర్తిగా కోలుకున్నాడు. గ్లాసు చేతిలోకి తీసుకుని తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడి, కుంకుమ మొహంతో లోకాన్ని చూశాడు.

"ఎట్లున్నది బావా నా ప్లాను? కొన్ని కేసులల్ల నేరగాడు దొరకడు. అసొంటప్పుడు నేరం గూడ డిటెక్టివే జెయ్యాల్సొస్తది. మామూలోళ్లకు గంత ధైర్యం..."

మాట అక్కడే ఆగింది.

గేటు దగ్గర కొమురవ్వ నిలబడి ఉంది. చేతిలో పెరడు ఊడ్చే పొడుగు చీపురు. చీర కొంగు నడుముకు దోపింది.

ఇంజన్ ఆపేసి ఉంది. లారీ కొండలా కదలకుండా నిలబడి ఉంది. రాయమల్లు చేతిలోని గ్లాసు మాత్రం గడగడ వణికింది. మీగడ చెదిరి, టీ ఒలికి, వాడి లాల్చీ మీద పడింది.

వణికేది ఏదైనా దేన్నో చూసి భయపడినట్టే. వాడి సిద్ధాంతాల్లో తరుగు తీయకుండా నేను కొన్నది ఇదొక్కటే.